మధ్యాహ్నం రెండింటి తలుపు

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. పని బాగా చేస్తానని కూడా తెలుసు కాబట్టి కోపాన్ని భరిస్తారు. డబుల్ గ్లాస్ తలుపులూ కిటికీలూ నా పని. రెండు గాజు పలకల మధ్య గాలి బంధించి ప్లాస్టిక్ చట్రంలో కూర్చోబెడతారే, అవి. వాటికి తాళం పడకపోయినా, హ్యాండిల్ ఊడి చేతికొచ్చినా, కీలు కిర్రుమన్నా నన్నే పిలుస్తారు. కీళ్ల డాక్టరమ్మ అని పేరు పెట్టారు. ఒకసారి ఎవరో ముసలాయన నిజంగానే మోకాలు చూపించడానికి వచ్చాడు. "దీనికి నూనె వేస్తే సరిపోదండీ" అని చెప్పి పంపించాను.

షాపు మా బావది, అంటే మా అక్క మొగుడిది. నాకు పని నేర్పింది మాత్రం బావ వాళ్ల నాన్న. అందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. పోయి ఐదేళ్లయింది. ఆయన చెప్పినవి చాలా ఉన్నాయిగానీ నేను పెడచెవిన పెట్టింది ఒక్కటే. "తాళం పడట్లేదంటే తాళాన్ని తిట్టకు. ముందు గాజు చూడు." ఆ ఒక్క మాట వినకపోవడం వల్ల ఒక కొంప మునిగేది. నాది కూడా కాదు, ఇంకొకరిది.

ఆ ఇంకొకరు జోలమ్మ. పసిపిల్లల బడిలో ఆయా. పదకొండేళ్లుగా అదే బడి. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇరవై మందిని చాపల మీద పడుకోబెట్టి జోల పాడుతుంది. ఆ పాటకి పిల్లల కంటే ముందు టీచర్లు నిద్రపోతారని అక్కడ అందరూ నవ్వుకుంటారు. పేరు పిల్లలు పెట్టిందే. ఆ పడక గదికి ఒక పక్క తలుపు ఉంది. తీస్తే వెనక వ్యాన్లు నిలిపే జాగా. పిల్లలు పడుకున్నంతసేపూ అది తాళం వేసి ఉండాలి. తాళంచెవి నీలం తాడుకి కట్టి జోలమ్మ మెడలో వేలాడుతుంది. ఇంకెవరి దగ్గరా ఇంకోటి లేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం మూడేళ్ల పిల్ల ఒకతి ఆ తలుపులోంచి బయటికి వెళ్లిపోయింది. ఒక చోట నిలవదని ఆ పిల్లని అందరూ గాలిపటం అంటారు. వ్యాను వెనక్కి తీయబోతూ డ్రైవరు అద్దంలో చూశాడు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని గులకరాళ్లు ఏరుకుంటోంది. దెబ్బ తగల్లేదు. అందులో ఎవరి గొప్పా లేదు, ఆ డ్రైవరుకి అద్దం చూసుకునే అలవాటు ఉండబట్టి సరిపోయింది.

పిల్ల తండ్రి వచ్చి కేకలేశాడు. ఆయన్ని తప్పుపట్టను, నేనైనా అంతే చేసేదాన్ని. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? జోలమ్మ దగ్గర. తాళం వేశావా? వేశాను. వేస్తే ఎలా తెరుచుకుంది? వేశాననే మళ్లీ చెప్పింది. వేశానన్న మాట తప్ప ఇంకో మాట లేదు. ఆ సాయంత్రమే పెద్ద మేడం ఆమె మెడలో తాడు తీయించి తన బల్ల సొరుగులో వేసుకుంది. ఆయా తాళం వేయలేదని ఇరవై ఇళ్లకీ మెసేజీ పంపింది. గురువారం నాలుగింటికి తల్లిదండ్రుల మీటింగు. నిర్లక్ష్యం కారణంగా తీసేస్తున్నామని అక్కడ కాగితం చదివి జోలమ్మని పంపించేస్తారు. ఆ కాగితం వెంట ఉంటే ఇంకే బడివాళ్లూ పసిపిల్లల్ని ఆమె చేతికివ్వరు. యాభై ఆరేళ్ల మనిషికి చేతనైన పని అదొక్కటే.

ఇందులోకి నేనెలా వచ్చానంటే, ఆ తలుపు బిగించింది మేమే. తాళం సరిగ్గా ఉందని షాపు తరఫున ఒక కాగితం ఇస్తే మేడంకి మీటింగులో చూపించడానికి ఉంటుంది. అందుకని బుధవారం రమ్మన్నారు.

నేను వెళ్లేసరికి ఐదయింది. పిల్లలు వెళ్లిపోయారు, చాపలు చుట్టి గోడకి ఆనించి ఉన్నాయి. పడమటి వైపు తలుపు. బయటి పక్క ముదురు గోధుమ రంగు. మూసి హ్యాండిల్ పైకి ఎత్తాను, తాళం తిప్పాను, లాగాను, తోశాను. ఒకసారి కాదు, పదిసార్లు. గోడలా నిలబడింది. మేడం చేతులు కట్టుకుని చూస్తోంది.

"బాగానే ఉంది కదా?"

"ఉన్నట్టే ఉందండి."

"ఉన్నట్టే అంటే ఏంటి? ఉందా, లేదా?"

నేను తలుపు తెరిచి చట్రం వైపు చూశాను. ఈ రకం తలుపుల్లో హ్యాండిల్ పైకి ఎత్తితే తలుపు అంచులోంచి పైనొకటి, కిందొకటి కొక్కేలు బయటికొచ్చి చట్రంలో బిగించిన ఇనప రేకుల గంటుల్లో చిక్కుకుంటాయి. తాళంచెవి చేసేదల్లా ఆ హ్యాండిల్ మళ్లీ కిందికి దిగకుండా బిగించడమే. తలుపుని నిజంగా పట్టుకునేవి కొక్కేలు. ఆ రేకుల గంటులు ఎవరో ఆకురాయితో గీకి పెద్దవి చేశారు. గీకిన చోట నడిమధ్యన వెంట్రుకవాసి గీత ఒకటి నిలిచి ఉంది. పెద్దాయన నా చేతికిచ్చిన ఆకురాయికి మధ్యలో ఒక పన్ను విరిగి ఉంటుంది. దాంతో ఎక్కడ గీకినా ఆ గీత మిగులుతుంది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనలేదు, నేనే భుజాలు తడుముకున్నాను.

మూడు నెలల కిందట హ్యాండిల్ పైకి లేవట్లేదని ఇదే తలుపు కోసం పిలిచారు. ఆ రోజు నాకది ఐదో పని. తలుపు కొస కిందికి వాలింది, కొక్కేలు గంటుల్లో దూరక రేకుకి కొట్టుకుంటున్నాయి. ఎందుకు వాలిందో చూడాలంటే గాజు దింపాలి. గాజు దింపాలంటే ఇంకో మనిషి కావాలి, గంట పడుతుంది. గీకితే పది నిమిషాలు. గీకాను. హ్యాండిల్ లేచింది, తాళం తిరిగింది, అందరూ నవ్వు మొహాలు పెట్టారు, నేను ఇంటికెళ్లి అన్నం తిన్నాను. గీకడం వల్ల కొక్కెం లోపలికైతే వెళ్తుంది, కానీ లోపల దేన్నీ పట్టుకోదు. గోరంత ఆనుకుంటుంది. చూసేవాళ్లకి తాళం పడినట్టే ఉంటుంది.

మరి ఐదింటికి ఎందుకు కదల్లేదు? నేను బయటికెళ్లి నిలబడ్డాను. ఎదురుగా ఎత్తైన గోదాము. దాని నీడ తలుపు మీద పడి ఉంది. ఆ నీడ ఎప్పటి నుంచి పడుతుందని తోటమాలిని అడిగితే, మూడున్నర నుంచీ అన్నాడు. అంతకు ముందు? "అంతకు ముందు చెయ్యి పెడితే కాలుద్దండీ" అన్నాడు. ముదురు రంగు ప్లాస్టిక్ ఎండకి ఉబ్బుతుంది, నడుం వంచుతుంది. గోరంత ఆనుకున్న కొక్కెం ఆ వంపుకి ఉంటుందా, ఊడుతుందా? పాప బయటికెళ్లింది రెండింటికి. మంగళవారం మేడం తాళం వేయించి చూసింది సాయంత్రం. నన్ను రమ్మన్నదీ సాయంత్రమే.

ఇంతలో బావ ఫోను.

"ఏంటి ఇంకా? బాగుందని రాసిచ్చి రా. వాళ్ల కొత్త బిల్డింగుకి అరవై కిటికీలున్నాయి. గుర్తుందా?"

"బావా, ఈ తలుపు నేను గీకాను."

"ఎవరైనా చూశారా?"

"నేను చూశాను."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆ ఆయా నీకేమవుతుంది?"

ఏమీ కాదు. ఆ మాటే చెప్పి ఫోను పెట్టేశాను. మేడంతో మాత్రం కాగితం రేపు ఇస్తానన్నాను. ఎందుకని అడిగింది. ఎండలో చూడాలన్నాను. తాళానికీ ఎండకీ ఏం సంబంధమని విసుక్కుంది.

జోలమ్మ వెనక పంపు దగ్గర పిల్లల పాల గ్లాసులు కడుగుతోంది. గదిలోకి రావద్దన్నారట, కడిగే పని మాత్రం చేయమన్నారట. నన్ను చూసి కూడా తల తిప్పలేదు.

"బాగుందని రాసిచ్చావా తల్లీ?"

"ఇంకా ఇవ్వలేదక్కా."

"ఇచ్చెయ్. అందరూ ఒక మాట మీదున్నప్పుడు నువ్వొక్కదానివి ఎందుకు." గ్లాసు బోర్లించింది. "మేడం నాకో దారి చూపించింది. మరిచిపోయానని రాసి సంతకం పెడితే నిర్లక్ష్యం అన్న మాట తీసేస్తారంట. వయసు మీద పడి మానేసిందని రాస్తారంట."

"పెట్టారా?"

"చెయ్యి పడిపోయినా పెట్టను." అప్పుడు తిరిగి చూసింది. "నేను హ్యాండిల్ ఎత్తాను. తాళం తిప్పాను. తిప్పాక ఒకసారి తోసి చూస్తాను, పదకొండేళ్ల అలవాటు. అదీ చేశాను. చేసిన పని చేయలేదని నా చేత్తో నేను రాయాలా?"

ఇక దాచడం నా వల్ల కాలేదు. గీకిన సంగతి చెప్పాను. క్షమించమన్నాను. ఆమె నన్ను ఓదారుస్తుందని లోలోపల ఎక్కడో ఆశ ఉన్నట్టుంది, సిగ్గు లేకపోతే సరి. ఆమె చేతులు తుడుచుకుంది.

"మూడు నెలల నుంచి నువ్వు గీకిన తలుపు పక్కన నా పిల్లల్ని పడుకోబెడుతున్నానా?"

"అవునక్కా."

"అక్కా గిక్కా అనకు. రేపు ఏం చేస్తావో చెప్పు."

చెప్పాను.

గురువారం ఒంటిగంటన్నరకే వెళ్లి మేడం గది ముందు కూర్చున్నాను. రెండింటికి తలుపు దగ్గర ఐదు నిమిషాలు నిలబడమన్నాను. కుదరదు, మీటింగు పనులున్నాయి, నాలుగింటికి అందరూ వచ్చాక చూద్దామంది. నాలుగింటికి ఎండ రాదండీ అన్నాను. కాగితం ఇచ్చి వెళ్లమంది. మీరు వస్తే కాగితం, రాకపోతే లేదు అన్నాను. ఆమె మా బావకి ఫోను చేసింది. బావ పావుగంటలో బండి మీద దిగాడు. ఆ పావుగంటలో నేను కుర్చీలోంచి కదల్లేదు, వాళ్లిద్దరూ నన్ను ఎత్తి బయట పెట్టడం అయ్యే పని కాదు, నేను బరువైన మనిషిని. చివరికి మేడం లేచింది. "ఐదు నిమిషాలే" అంది.

పిల్లలు పడుకున్నారు. జోలమ్మ లేదు కాబట్టి కొత్త టీచరు ఫోనులో పాట పెట్టి తిప్పలు పడుతోంది, సగం మంది కళ్లు తెరిచే ఉన్నారు. నేను వెళ్లి పంపు దగ్గర నుంచి జోలమ్మని పిలుచుకొచ్చాను. మేడం ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకుంది.

"తాళం మీరే వెయ్యండి" అన్నాను.

మేడం సొరుగులోంచి తెచ్చిన తాళంచెవితో వేసింది. హ్యాండిల్ పూర్తిగా లేచింది, చెవి సాఫీగా తిరిగింది. తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇప్పుడు తొయ్యండి. నేను తోస్తే ఏదో మాయ చేశానంటారు."

మేడం హ్యాండిల్ పక్కన అరచెయ్యి పెట్టి తోసింది. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోసింది. కదల్లేదు. బావ కూడా వచ్చి భుజంతో ఒక తోపు తోశాడు. తలుపు మూలిగినట్టు చప్పుడు చేసింది తప్ప చట్రం వదల్లేదు. ఎండ దాని మీద నిండుగా ఉంది. ఇంత రాద్ధాంతం చేసి ఆమెని ఇంకా ముంచానా అనిపించింది. జోలమ్మ మాత్రం కళ్లు దించలేదు.

"అయిందా?" అన్నాడు బావ.

చాపల మీద నుంచి గాలిపటం లేచింది. ఇంతమంది తన తలుపు దగ్గర చేరితే తనకి నిద్రెలా పడుతుంది. నేరుగా మా కాళ్ల మధ్య నుంచి దూరి, తలుపు ముందు గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ కింది మూలన ఆనించి తోసింది. టక్కుమంది. కింది కొక్కెం జారింది, దాంతోపాటే పైదీ వచ్చేసింది, తలుపు నెమ్మదిగా బయటికి తెరుచుకుంది. హ్యాండిల్ ఎత్తినది ఎత్తినట్టే ఉంది. తాళంచెవి మేడం గుప్పిట్లోనే ఉంది.

"ఇలా" అంది పిల్ల.

జోలమ్మ వంగి దాన్ని ఎత్తుకుంది. మూడు రోజులుగా ఎంతమంది ఎన్ని ప్రశ్నలు వేసుకున్నారో. ఎలా వెళ్లావమ్మా అని ఆ పిల్లని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. పెద్దవాళ్లందరం హ్యాండిల్ దగ్గర తోస్తాం, మన చెయ్యి అక్కడికే వెళ్తుంది. మూడేళ్ల పిల్ల చెయ్యి వెళ్లేది కింది కొక్కెం దగ్గరికి. పాతికేళ్లుగా తలుపులు బిగిస్తూ ఆ సంగతి నాకు తట్టలేదు.

మేడం రంగు మారింది. చెడ్డ మనిషేం కాదు, బడి మూతపడుతుందేమోనన్న భయం ఆమెది. "సరే, ఆ కాగితం చించేస్తాను. రేపట్నుంచి ఎప్పటిలాగే రా. ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం" అంది.

"వదలను" అంది జోలమ్మ.

ఆ మాట ఎంత మెల్లగా అందంటే చాపల మీద ఒక్క పిల్లా కదల్లేదు.

"నేను తాళం వేయలేదని ఇరవై ఇళ్లకి పంపారు మేడం. కాగితం చించితే ఆ ఇళ్లలో ఉన్న మాట కూడా చిరుగుతుందా? నాలుగింటికి అందర్నీ రమ్మన్నారుగా, రానివ్వండి. నా గురించి చదవాలనుకున్న చోటే ఇది కూడా చదవాలి." నా వైపు తిరిగింది. "నువ్వే చదవాలి. నీ నోటితో."

బావ నన్ను పక్కకి లాగాడు. "మెషీను లోపం, కంపెనీ లోపం అని ఏదో ఒకటి రాయి. నీ పేరు రాశావో, అరవై కిటికీలు పోతాయి. షాపు పరువు పోతుంది. అలా రాసేటట్టయితే రేపట్నుంచి షాపుకి రాకు."

"పెద్దాయన ఉంటే ఏం రాయమనేవాడు బావా?"

"నాన్న లేడు. నేనున్నాను."

"అదే వచ్చిన చిక్కు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, కానీ చెప్పాగా, నాకు కోపం ఎక్కువ. ఆయన బండి తీసుకుని వెళ్లిపోయాడు.

షాపు పేరున్న కాగితం మీదే రాశాను. నాలుగింటికి ఇరవై మంది తల్లుల, తండ్రుల ముందు, పిల్లల కోసం చేసిన బుల్లి కుర్చీల మధ్య నిలబడి చదివాను. "ఈ తలుపుకి తాళం వేసినా పడదు. పడినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో కింది మూలన తోస్తే చిన్నపిల్లలకైనా తెరుచుకుంటుంది. మూడు నెలల కిందట తలుపు ఎందుకు వాలిందో చూడకుండా రేకు గీకి వదిలేశాను. అది నా తప్పు. ఆయా తాళం వేసింది." కింద సంతకం.

గాలిపటం వాళ్ల నాన్న లేచాడు. "మీ తప్పు వల్ల మా పాప చక్రం కింద పడేది. మిమ్మల్ని ఏం చెయ్యాలి?"

"మీ ఇష్టం. ఏం చేసినా కాదనను. ఎక్కడికీ పారిపోను కూడా. ముందు తలుపు బాగుచేస్తాను, ఆ తర్వాత చెప్పండి."

ఆయన జోలమ్మ దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. ఆమె తల ఊపింది, నవ్వలేదు. మేడం అందరి ముందూ నీలం తాడు తెచ్చి ఆమె చేతికిచ్చింది. జోలమ్మ తనే మెడలో వేసుకుంది.

అందరూ వెళ్లాక గాజు దింపడానికి నాకు రెండో మనిషి కావాల్సి వచ్చింది. బావ లేడు. తోటమాలి ఇంటికెళ్లిపోయాడు.

"నేను పడతా" అంది జోలమ్మ.

"బరువుంటుంది."

"పదకొండేళ్లుగా పిల్లల్ని ఎత్తుతున్నా. ఎక్కడ పట్టుకోవాలో చెప్పు."

గాజు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీలు ఊడదీసి, గాజుని పట్టి ఎత్తే రబ్బరు కప్పులు అంటించి, చెరో వైపు పట్టుకుని దింపాం. కింద చూసేసరికి నవ్వొచ్చింది, ఏడుపు లాంటి నవ్వు. గాజు కింద పెట్టే ప్లాస్టిక్ ముక్కలు తప్పు మూలన ఉన్నాయి. ఈ తలుపుల్లో కిటుకంతా అక్కడే ఉంటుంది. గాజు బరువు కీళ్ల వైపు కింది మూల మీద కూర్చోవాలి, తాళం వైపు పై మూలన ఇంకో ముక్క బిగించాలి. అప్పుడు తలుపు కొస వాలకుండా గాజే దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. ఆ బడిలో మేం బిగించిన తలుపులు పద్నాలుగు. పదమూడింటికి కీళ్లు కుడి వైపు. ఇదొక్కటే ఎడమ. పదమూడు తలుపులకి అలవాటు పడ్డ నా చెయ్యి పద్నాలుగోదానికీ అలాగే పెట్టేసింది. అంటే గాజు ఇన్నాళ్లూ తలుపుని మోయడం మానేసి, వాలే వైపుకే బరువేస్తోంది. తాళం పాపం ఏం చేస్తుంది?

"ఇదీ నువ్వేనా?" అంది జోలమ్మ.

"ఇదీ నేనే."

"ఇంకేమైనా ఉన్నాయా, లేక ఇక్కడికి అయిపోయాయా?"

"ఇక్కడికి అయిపోయాయి."

ముక్కలు మార్చి పెట్టాం. గాజు ఎక్కించి, రబ్బరు సుత్తితో పట్టీలు కొట్టి, గీకిన రేకులు పీకి కొత్తవి బిగించాను. తలుపు కొస నాలుగు మిల్లీమీటర్లు పైకి లేచింది. హ్యాండిల్ ఎత్తితే రెండు కొక్కేలూ గంటుల్లోకి పోయి గట్టిగా పట్టుకున్న చప్పుడు వేరేగా ఉంటుంది. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో అనుకున్నాను.

జోలమ్మ తాళం వేసింది. లాగి చూసింది. భుజంతో తోసింది. తర్వాత మోకాళ్లు పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుని, గాలిపటం పెట్టినట్టే రెండు అరచేతులూ కింది మూలన పెట్టి ఒళ్లంతా వాల్చి తోసింది. కదల్లేదు. నేను సంచి సర్దుకోబోయాను.

"రేపు రెండింటికి రా" అంది. "ఎండలో చూశాకే నమ్ముతా."

మర్నాడు పొద్దున మామూలు టైముకే షాపుకి వెళ్లాను. షట్టరు తాళంచెవి ఒకటి పెద్దాయన నాకే ఇచ్చి పోయాడు, తిరిగి ఇమ్మని బావ అడగలేదు, నేను ఇవ్వలేదు. బావ వచ్చేసరికి పాత పనుల పుస్తకాలు ముందేసుకుని కూర్చుని ఉన్నాను.

"రావద్దన్నానా?"

"అన్నావు. షాపు నీది, నేను బిగించిన తలుపులు నావి. ఎడమ కీళ్లవి వేరే ఇళ్లల్లో ఇంకా తొమ్మిది ఉన్నాయి. అన్నీ చూడాలి. గాజు పట్టడానికి మనిషి కావాలి, వస్తావా, లేకపోతే జోలమ్మని అడగనా?"

బావ నా ముందున్న పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. అరవై కిటికీల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆఖరికి రబ్బరు కప్పులు ఉన్న పెట్టె తీసి బండి మీద పెట్టాడు.

రెండింటికి బడికి వెళ్లాను. పిల్లలు నిద్రపోతున్నారు, కొత్త టీచరు కూడా గోడకి ఆనుకుని కునుకుతోంది. ఎండ తలుపు మీద మండిపోతోంది. జోలమ్మ తాళం వేసి, చెవి మెడలో వేసుకుని, ఇంకా మెలకువగానే ఉన్న గాలిపటాన్ని పిలిచింది.

"తొయ్యి."

పిల్ల ఉత్సాహంగా వచ్చి కూర్చుని తోసింది. తెరుచుకోలేదు. మళ్లీ తోసింది. మొహం ఎర్రబడేదాకా తోసి, కాలితో ఒక తన్ను తన్ని, మా ఇద్దరి వైపూ కోపంగా చూసి నా మీదికి వేలు చూపించింది.

"ఈ అత్త తలుపు పాడుచేసింది."

"చేసింది" అంది జోలమ్మ దాన్ని భుజాన వేసుకుంటూ. "ఒప్పుకుంది కూడా. పడుకో."